బస్తీ కాగితాలు – 11: లారీకి నీళ్లు, మనిషికి ‘వీలైతే’

పోయిన వారం ఒక యూనివర్సిటీ తమ్ముడు ఫోన్ చేసి అడిగాడు. “అన్నా, మన బస్తీ పక్కన చెత్త బండ్ల యార్డు వద్దని కొట్లాడితే, అందులో పనిచేసే మనోళ్ల పొట్ట మీద కొట్టినట్టేనా? సరే కట్టుకోండి అంటే మన పిల్లల ఊపిరి అమ్ముకున్నట్టా? ఎటు దిక్కు నిలబడాలె?”

మంచి ప్రశ్న. నినాదంతో జవాబు చెప్పే ప్రశ్న కాదు. నాకు దీని జవాబు ఎంతోకొంత దొరికింది ఒక బిల్డింగ్ డ్రాయింగ్‌లో. అది 2019 ఎండాకాలంలో మా సికింద్రాబాద్ బస్తీ కమ్యూనిటీ హాల్ గోడకు సెలోటేపుతో అంటించిన డ్రాయింగ్. ఈ భాగం కొంచెం పొడుగైతది మిత్రులారా, ఓపిక పట్టండి.

ముందు ఈ యార్డు అంటే ఏందో చెప్పాలి. కొందరు స్టూడెంట్స్ డంపింగ్ యార్డు అనంగానే జవహర్‌నగర్ గుట్ట అనుకుంటరు. అది ఆఖరి మజిలీ. దానికి ముందు చాలా మజిలీలు ఉంటాయి. 2015 నుంచి హైదరాబాద్‌లో ఇంటింటికీ తిరుగుతున్న స్వచ్ఛ ఆటోలు నిండంగానే జవహర్‌నగర్ దాకా పోయి రాలేవు, డీజిల్‌కే ఖర్చయిపోతది. అందుకని మధ్యలో ఒక జాగ కావాలి. ఆటో అక్కడ చెత్త పోస్తది, పెద్ద బండి దాన్ని అదిమి నింపుకుని పోతది. యూసుఫ్‌గూడ, లోయర్ ట్యాంక్‌బండ్, ఇమ్లీబన్ – ఈ పేర్లు నగరంలో ముక్కున్న ప్రతి మనిషికీ తెలుసు. ట్రాన్స్‌ఫర్ స్టేషన్ అని బోర్డు మీద రాస్తరు. జనం మాత్రం చెత్త డిపో అంటరు. దానికి తోడు బండ్లు నిలబెట్టుకోను, కడుక్కోను, టైర్లు మార్చుకోను, బ్లీచింగ్ పౌడర్ బస్తాలు, పైపులు, మ్యాన్‌హోల్ మూతలు పెట్టుకోను షెడ్లు కావాలి. మోరీల నుంచి తీసిన సిల్టు ఆరబోసుకోను కూడా జాగ కావాలి. వీటన్నిటికీ కలిపి ఆఫీసులో ఒక ముద్దుపేరు ఉంది: మెయింటెనెన్స్ యార్డు. వినడానికి ఎంత శుభ్రంగా ఉందో చూడండి.

నగరానికి ఇవి కావాలా అంటే కావాలి. ఇందులో నాకు ఏ అనుమానం లేదు. చెత్త మాయమైపోదు, ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట దాన్ని దించాలి, ఎత్తాలి. ఎక్కడ అన్నదీ, ఎవరు అన్నదీ ఎవరు నిర్ణయించారన్నదే గొడవ.

మా ఊరి సంగతి చూడండి. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద ఈ ఊరు సికింద్రాబాద్ అయింది. పుట్టుకే ఇంగ్లీషు పటాలాల కోసం. 1863లో రాయల్ కమిషన్ ఒకటి హిందుస్తాన్‌లో ఉన్న ఇంగ్లీషు సిపాయిల ఆరోగ్యం మీద రిపోర్టు ఇచ్చింది. ఏడాదికి వెయ్యి మంది సిపాయిల్లో 69 మంది చచ్చిపోతున్నారు, అది యుద్ధంలో కాదు, ఎక్కువగా జ్వరాలతో, కలరాతో, విరేచనాలతో అని తేల్చింది. మరుసటేడు, 1864లో, కంటోన్మెంట్ల చట్టం వచ్చింది. మోరీలు, పాయిఖానాలు, కబేళాలు ఎక్కడ ఉండాలో, ఎంత దూరంలో ఉండాలో రాసుకున్నారు. ఈ దేశంలో పట్టణ పారిశుద్ధ్యం ప్లానింగ్ ఎక్కడ మొదలైందంటే పటాలం బారకాసు చుట్టూ అని చెప్పుకోవచ్చు. బారకాసు నుంచి వాసన ఎంత దూరం ఉండాలన్నది కొలిచారు. ఆ వాసన మోసే మనిషి ఇల్లు వాసనకు ఎంత దూరం ఉండాలన్నది కొలిచే అవసరం ఎవరికీ రాలేదు. దొర పిలిస్తే పలికేంత దగ్గర, దొర చూస్తే కనపడనంత దూరం, అదీ మన వాళ్ల అడ్రసు. ఊర్లో ఊరవతల వాడ ఉన్నట్టే, పటాలంలో లైన్ల వెనక మనం.

1945లో సికింద్రాబాద్‌కు మునిసిపాలిటీ వచ్చింది, 1950లో కార్పొరేషన్ అయింది, 1960లో హైదరాబాద్‌లో కలిసింది, 2007లో చుట్టుపక్కల మునిసిపాలిటీలన్నీ కలిపి గ్రేటర్ అయింది. కంటోన్మెంట్ ఏరియా మాత్రం మిలిటరీ బోర్డు కిందనే ఉండిపోయింది. బోర్డులు మారినయ్, జెండాలు మారినయ్. కానీ ‘ఖాళీ సర్కారు జాగ’ అని ఏ మ్యాపులో వెతికినా వేలు వచ్చి ఆగేది మన బస్తీ పక్కనే. ఇది కుట్ర అని నేను అనను. కుట్ర అయితే ఎవరో ఒక దుర్మార్గుణ్ని పట్టుకుంటే అయిపోతది. ఇది అంతకన్నా గట్టిది. నూట యాభై ఏళ్ల కింద గీసిన గీత మీద ప్రతి తరం ఇంజినీరూ తెలియకుండానే తన స్కేలు పెడతాడు.

ఇగ మా ముచ్చట. ఏ ఆఫీసు అన్నది రాయను, దానితో పని కూడా లేదు, ఏ ఆఫీసైనా అదే డ్రాయింగ్ గీస్తది. మా బస్తీ వెనక అరెకరం చిల్లర జాగ ఉంది. ఒకరోజు రేషన్ షాపు షటర్ మీద ఇంగ్లీషులో ఒక కాగితం అంటించి ఉంది. ఇంటర్ చదివే పిల్ల ఒకామె చదివి చెప్పింది: ఇక్కడ మెయింటెనెన్స్ యార్డు ప్రతిపాదన ఉంది, అభిప్రాయాలు చెప్పదలచుకున్నవాళ్లు ఫలానా రోజు పొద్దున పదకొండు గంటలకు రావాలి. పదకొండు గంటలకు బస్తీలో ఎవరుంటరు? ముసలోళ్లు, బాలింతలు, రాత్రి డ్యూటీ చేసి పండుకున్నోళ్లు. అయినా ఇల్లిల్లూ తిరిగి చెప్పినం. ఊడ్చే డ్యూటీ నుంచి ఆడవాళ్లు అప్పుడే దిగుతరు కాబట్టి వాళ్లు నేరుగా వచ్చిన్రు, చీపుర్లు గోడకు ఆనించి.

హాల్లో రెండు గుంపులు. రోడ్డుకు అవతలి కాలనీ సంఘం వాళ్లు ముందు వరుస. చాలా మర్యాదగా మాట్లాడారు, అబద్ధం చెప్పను. వాళ్లు కాగితం టైపు చేసుకుని తెచ్చుకున్నరు. దుర్వాసన, దోమలు, బండ్ల రద్దీ, స్కూలు పిల్లలు, ఫ్లాట్ల రేట్లు. అన్నీ నిజమైన సమస్యలే. చివర ఒక సలహా ఇచ్చిన్రు: “గేటు మా రోడ్డు దిక్కు కాకుండా లోపలికి పెట్టండి సార్, ఆ పక్క నుంచి.” ఆ పక్క అంటే మా పక్క. వాళ్లకు అది సలహా లాగనే అనిపించింది. ఇంజినీరు సారు వెంటనే పెన్సిల్‌తో గేటు మార్చేసిండు. మీటింగు మొదలైన ఇరవై నిమిషాలకే ప్రజాభిప్రాయం ఫలించింది.

మా పిల్లలు లేచిన్రు. “అసలు ఇక్కడే ఎందుకు సార్? ఇంకా ఏయే జాగలు చూసిన్రు?” అని అడిగిన్రు. జవాబు: “ఇది ఖాళీగా ఉంది కదమ్మా.”

ఖాళీ. ఈ మాట దగ్గర కొంచెం ఆగాలె. ఆ జాగలో ఏప్రిల్ 14న స్టేజీ వేస్తం. పెండ్లి అయితే టెంటు అక్కడే, చావు అయితే కుర్చీలు అక్కడే. ఇంటి ముందు తీగ కట్టుకునే జాగ లేనోళ్లు బట్టలు ఆరేసేది అక్కడ. పొద్దుగూకితే పిల్లల క్రికెట్. ఇటు నలభై గజాల ఇంట్లో ఎనిమిది మంది ఉంటే మిగతా ఇల్లంతా ఆ అరెకరమే. మ్యాపులో మాత్రం అది తెల్లగా ఉంటది. పట్టా లేనిది, గోడ లేనిది, బోర్డు లేనిది ఏదైనా మ్యాపులో తెల్లగానే ఉంటది. కాలనీ వాళ్ల పార్కు కూడా ఖాళీ జాగే కదా, దానికి ఆకుపచ్చ రంగు వేసి ‘పార్కు’ అని రాసుంటది. రంగు పడితే అది ఖాళీ కాదన్న మాట.

ఇంతలో మా చిన్నమ్మ లేచింది. మా అమ్మకు చెల్లె, ఇరవై రెండేండ్ల నుంచి రోడ్లు ఊడుస్తది, ఔట్‌సోర్సింగే, ఇప్పటికీ. ఆమె డ్రాయింగ్ దగ్గరకు పోయి వేలు పెట్టి అడిగింది.

“సారూ, ఇదేంది?”

“అది వాషింగ్ ర్యాంపమ్మా. బండ్లు కడగడానికి.”

“గిది?”

“సూపర్‌వైజర్ రూము. ఇది స్టోరు. ఇది డీజిల్. ఇక్కడ సీసీ కెమెరా.”

“పొద్దుగాల్ల నాలుగున్నరకు మా హాజరు యాడ ఏస్తరు?”

“ఇక్కడే అమ్మా, గేటు దగ్గర.”

“మరి బండి కడిగే జాగ చూపిస్తిరి. నేను యాడ కడుక్కోవాలె? యాడ చీర మార్చుకోవాలె? ఒంటికి, రెంటికి యాడికి పోవాలె?”

హాలు నవ్వింది మొదలు. తర్వాత నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే ఆమె నవ్వలేదు. ఇంజినీరు సారు మంచోడే, కుర్ర వయసు. డ్రాయింగ్ మళ్లీ చూసుకున్నడు. మళ్లీ చూసుకున్నడు. “మీరు రోడ్ల మీద ఉంటరు కదమ్మా, ఇక్కడ ఉండరు కదా” అన్నడు. “ఔ సారూ, రోడ్ల మీదనే ఉంట. అందుకే అడుగుతున్న” అన్నది.

మా చిన్నమ్మ చదువుకోలేదు. కానీ ఆ రోజు అడిగింది చట్టం లోపల ఉన్న బొక్క గురించి. ఆ రాత్రి నేను కూర్చుని 2016 ఏప్రిల్ 8న కేంద్రం నోటిఫై చేసిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు తీసి చదివిన. చెత్త పూడ్చే స్థలంలో ఏమేం సౌకర్యాలు ఉండాలో చివర్లో ఒక షెడ్యూలు ఉండేది. అందులో రెండు వాక్యాలు దగ్గరదగ్గరగా ఉండేవి. చెత్త మోసే బండ్లను నిలపడానికి, శుభ్రం చేయడానికి, కడగడానికి ఏర్పాట్లు ‘చేయాలి’, ఆ కడిగిన నీళ్లను కూడా శుద్ధి ‘చేయాలి’ అని ఉండేది. ఆజ్ఞ లాగ ఉండేది, వంక పెట్టే వీలు లేకుండా. దానికి కొంచెం పైన, తాగునీళ్లు, పారిశుద్ధ్య సౌకర్యాలు ఉండాలంటూ, పనివాళ్లు కడుక్కోవడానికి, స్నానం చేయడానికి ఏర్పాటు గురించి ఒక ముక్క రాసి బ్రాకెట్లో పెట్టారు. ఆ బ్రాకెట్లో ముందు మాట ఏందంటే – ‘వీలైతే’, ‘ఉంటే మంచిది’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట.

బండికి తప్పనిసరి. మనిషికి వీలైతే, అదీ బ్రాకెట్లో.

పైగా ఇది పెద్ద చెత్త గుట్టల గురించిన షెడ్యూలు. మా బస్తీ వెనక వచ్చే చిన్న యార్డుకు ఈ బ్రాకెట్ కూడా వర్తించదు అని ఆఫీసు వాదించగలదు. అవే నిబంధనల్లో కార్మికులకు యూనిఫాం, మెరిసే జాకెట్, గ్లౌజులు, రెయిన్‌కోటు, బూట్లు, మాస్కు ఇప్పించాలని గట్టిగానే రాశారు. అంటే ఒంటి మీద ఏం తొడగాలో ఆలోచించారు. అది విప్పిన తర్వాత ఒంటి సంగతి ఆలోచించలేదు. ఎండాకాలం ఎనిమిది గంటలు ఆ జాకెట్‌లో ఊడ్చి, అట్లనే సెవెన్ సీటర్ ఆటో ఎక్కితే పక్కన కూర్చున్నామె ముక్కుకు కొంగు పెట్టుకుంటది. అంటరానితనం ఎక్కడుందండీ ఇప్పుడు అని అడిగే మేధావులకు నేను చూపించే అడ్రసు అదే, ఆ ఆటో సీటు. దానికి మనువు ఎంత కారణమో, డ్రాయింగ్‌లో లేని ఒక స్నానాల గది కూడా అంతే కారణం.

రెండో సంగతి, ప్రజాభిప్రాయం. 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద పెద్ద ఉమ్మడి చెత్త నిర్వహణ కేంద్రాలకు పబ్లిక్ హియరింగ్ పెట్టాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, సారాంశం స్థానిక భాషలో ఉండాలి, కలెక్టర్ స్థాయి అధికారి గానీ, ఆయన తరఫున అదనపు మేజిస్ట్రేటుకు తగ్గని అధికారి గానీ కూర్చోవాలి, వీడియో తీయాలి, వచ్చిన ప్రతి మనిషికీ అడిగే అవకాశం ఇవ్వాలి. చదివితే ముచ్చటేస్తది. దాంట్లోనే ఇంకో వాక్యం ఉంది: మీటింగు మొదలుపెట్టడానికి కోరం అక్కర్లేదు. అంటే ఎవరూ రాకపోయినా అభిప్రాయం సేకరించినట్టే. ఖాళీ కుర్చీలు కూడా సమ్మతి తెలుపుతాయన్న మాట. ఇది పెద్ద ప్రాజెక్టుల సంగతి. మా అరెకరం యార్డు లాంటివి అసలు ఆ జాబితాకే ఎక్కవు. మాకు పెట్టిన మీటింగు దయతో పెట్టింది, హక్కుగా వచ్చింది కాదు. దయతో పెట్టిన మీటింగుకు మినిట్స్ ఉండవు.

మరి హక్కు ఎక్కడుంది? విద్యార్థి మిత్రులు ఇది రాసి పెట్టుకోండి. రాజ్యాంగం 74వ సవరణతో వచ్చిన 243ఎస్ అధికరణ మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంటది. పన్నెండో షెడ్యూలులో టౌన్ ప్లానింగ్, పారిశుద్ధ్యం, చెత్త, మురికివాడల అభివృద్ధి అన్నీ మునిసిపాలిటీ పనుల లిస్టులోనే ఉన్నాయి. 2005 సమాచార హక్కు చట్టం అంటే అందరూ పది రూపాయల దరఖాస్తు, ముప్పై రోజులు అనే అనుకుంటరు. దాంట్లో సెక్షన్ 4(1) సీ, డీ క్లాజులు చదవండి. ప్రజల మీద ప్రభావం చూపే నిర్ణయం ప్రకటించేటప్పుడు దానికి సంబంధించిన వాస్తవాలన్నీ ఆఫీసే బయటపెట్టాలి, ప్రభావితమైన వాళ్లకు కారణాలు చెప్పాలి. మనం అడగకముందే. ‘ఖాళీగా ఉంది’ అన్నది కారణం కాదు, ‘ఏయే జాగలు చూశాం, ఇది ఎందుకు ఎంచుకున్నాం’ అన్నది కారణం. భూ వినియోగం మారుస్తున్నారంటే, అంటే మాస్టర్ ప్లాన్‌లో ఒక రంగున్న జాగకు ఇంకో రంగు వేస్తున్నారంటే, అభ్యంతరాలు పిలవాల్సిందే. ఆ నోటీసులు పేపర్లో చిన్న అక్షరాలతో వస్తాయి. మన సంఘాల్లో ఎంతమంది ఆ పేజీ చదువుతారు? సినిమా పేజీ చదువుతారు, కోపం తెచ్చుకోకండి.

ఇప్పుడు అసలు కష్టం. మీటింగు తర్వాత బస్తీలోనే కొట్లాట. కుర్రోళ్లు యార్డు వద్దే వద్దన్నరు. డ్యూటీ చేసే ఆడోళ్లు మాత్రం, “వద్దంటే ఇంకెక్కడికో పోతది, మేం పొద్దుగాల్ల నాలుగింటికి హాజరుకు రెండు బస్సులు మారాలె. మీకేం, మీరు పండుకుంటరు” అన్నరు. ఒక తాత ఆ జాగ పోతే తన దినాలకు టెంటు ఎక్కడేస్తరని అడిగిండు. ఆయన నవ్వులాటకు అనలేదు. మూడు రాత్రులు కూర్చున్నం. నా అభిప్రాయం మొదటి నుంచి ఒకటే: వద్దు, కావాలి అనే రెండు మాటల మధ్య మమ్మల్ని నిలబెట్టిందే ఆ ఆఫీసు గెలుపు. కాలనీ వాళ్లకు ఆ ఇరకాటం లేదు, ఎందుకంటే వాళ్లకు యార్డు అంటే వాసన మాత్రమే. మాకు అది వాసన కూడా, జీతం కూడా. అట్లాంటప్పుడు ప్లానింగ్ టేబుల్ దగ్గర ముందు కుర్చీ మాది కావాలి, ఆఖరి కుర్చీ కాదు.

చివరికి తెలుగులో చేత్తో రాసి ఇచ్చినం, అరవై మందికి పైగా సంతకాలు, వేలిముద్రలు. చూసిన వేరే జాగల లిస్టు ఇవ్వాలె. చెత్త దించే పని ఇక్కడ పెట్టొద్దు, బండ్లు నిలిపే పని, హాజరు, స్టోరు పెట్టుకోవచ్చు. గేటు ఎటు ఉండాలో రెండు పక్కల వాళ్లను కూర్చోబెట్టి తేల్చాలె. ఆడోళ్లకు, మగోళ్లకు వేర్వేరుగా స్నానాల గదులు, పాయిఖానాలు, గొళ్లెం పెట్టుకునే తలుపుతో, ఇరవై నాలుగు గంటలు నీళ్లతో, డ్రాయింగ్‌లో గీసి కొలతలు రాసి చూపించాలె. వానొస్తే కూర్చునే జాగ ఉండాలె. మిగతా జాగకు గోడ కట్టి బస్తీ గ్రౌండ్ అని మ్యాపులో రంగు వేయాలె. ఆ రంగు సంగతి రాయించింది ఇంటర్ పిల్ల.

వానొస్తే కూర్చునే జాగ అని ఎందుకు రాసినమో చెప్తా. 1968 ఫిబ్రవరి 1న అమెరికాలో మెంఫిస్ నగరంలో వాన పడుతుంటే ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు నల్లజాతి పారిశుద్ధ్య కార్మికులు తలదాచుకోను చెత్త బండి వెనక భాగంలోకి ఎక్కారు. ఇళ్ల అరుగుల మీద నిలబడితే తెల్లవాళ్లు ఊరుకోరు, వేరే జాగ లేదు. చెత్తను అదిమే యంత్రం దానంతట అది కదిలి ఇద్దర్నీ నలిపేసింది. పన్నెండు రోజులు తిరక్కముందే 1,300 మంది సమ్మెకు దిగారు. ‘నేను మనిషిని’ అని అట్టల మీద రాసుకుని నడిచారు. మార్టిన్ లూథర్ కింగ్ ఆ సమ్మెకు మద్దతుగానే మెంఫిస్ పోయాడు, ఏప్రిల్ 4న అక్కడే చంపేశారు. కింగ్ హత్య గురించి అందరికీ తెలుసు. దాని మొదట్లో ఒక విశ్రాంతి గది లేకపోవడం ఉందని మన క్లాసుల్లో ఎవరూ చెప్పరు. అదే దేశంలో 1979లో హ్యూస్టన్ నగరంలో రాబర్ట్ బుల్లార్డ్ అనే సోషియాలజీ మాస్టారు చెత్త గుట్టలు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్క తీస్తే, నగరం సొంతంగా పెట్టిన ఐదుకు ఐదూ నల్లవాళ్ల పేటల్లోనే తేలాయి. అక్కడ కూడా ఆఫీసర్లు జాతి చూసి పెట్టలేదనే చెప్పారు. జాగ చూసి పెట్టామన్నారు. అక్కడి మాస్టారు స్టూడెంట్స్‌ను పంపించి లెక్క తీయించాడు. మన యూనివర్సిటీల్లో ఇన్ని అంబేద్కర్ సంఘాలున్నాయి. గ్రేటర్‌లో ఉన్న చెత్త డిపోలు, సిల్టు యార్డులు, మురుగునీటి ప్లాంట్లు ఏ కులాల, ఏ మతాల బస్తీలను ఆనుకుని ఉన్నాయో ఒక మ్యాపు మీద పెట్టడానికి ఒక సెమిస్టర్ చాలు.

ఇంతకీ ఏం తనిఖీ చేస్తారు, ఏం చేయరు అన్నది మా ఏరియాలోనే చూడొచ్చు. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలో తుక్కు గోదాములో మంటలొచ్చి పైన పండుకున్న పదకొండు మంది బీహార్ వలస కార్మికులు కాలిపోయారు. అట్టలు, సీసాలు, వైర్లు కింద, మనుషులు పైన. నగరం పారేసిన సామాను మధ్యనే నగరం పనివాళ్లను పండబెట్టింది. అదే సంవత్సరం డిసెంబర్ 5న, అక్కడికి ఎంతో దూరం లేని బన్సీలాల్‌పేట మెట్లబావిని ప్రారంభించారు. ఏండ్ల తరబడి చెత్తతో పూడిపోయిన బావి అది. ఖాళీ చేసి, మెట్లు కడిగి, దీపాలు పెట్టారు. చాలా బాగుంది, పోయి చూడండి, నేను వెటకారం చేయడం లేదు. నగరం తలుచుకుంటే ఎంత లోతు చెత్తనైనా ఎత్తగలదని ఆ బావి చెప్తది. కాకపోతే ఆ చెత్త ఏ చేతులు ఎత్తాయో, ఆ చేతులు ఎక్కడ కడుక్కున్నాయో ఏ శిలాఫలకాల మీదా రాయరు.

మా యార్డు సంగతికొస్తే, సగం గెలిచినం, సగం ఓడినం. చెత్త దించే పని రాలేదు. అది మా కాగితం వల్లనో, కాలనీ వాళ్ల పలుకుబడి వల్లనో నాకైతే తేలలేదు, రెండోదే ఎక్కువ కావచ్చు. వేరే జాగల లిస్టు ఇయ్యనే లేదు. గేటు మా దిక్కే పెట్టిన్రు. వాషింగ్ ర్యాంపు నెల రోజుల్లో తయారైంది, రెండు పైపులు, మోటారు, అన్నీ. స్నానాల గది కట్టిన్రు, ఒకటే, ఆడ మగ ఇద్దరికీ. కొన్నాళ్లకు దాంట్లో బ్లీచింగ్ బస్తాలు పెట్టిన్రు. అడిగితే స్టోరు చిన్నగైందన్నరు. చిన్నమ్మ వాళ్లు నలుగురు కలిసి ఒకరోజు బస్తాలన్నీ బయటికి తెచ్చి సూపర్‌వైజర్ రూములో పెట్టొచ్చిన్రు. హాజరు కోస్తానని బెదిరించిండు. కొయ్యలే. ఇప్పుడు ఆ గది తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంటది, కొంగుకు కట్టుకుని వంతులవారీగా తిప్పుకుంటరు. మగోళ్లకు ఇప్పటికీ బండ్ల పైపే గతి.

చనిపోతే మాత్రం లెక్క ఉంది. మనుషులతో పాకీ పని నిషేధిస్తూ వచ్చిన చట్టం 2013 డిసెంబర్ 6న అమల్లోకి వచ్చింది, బాబాసాహెబ్ పరినిర్వాణ రోజున. మురుగు గుంతల్లో చనిపోయినోళ్ల కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014 మార్చి 27న సఫాయి కర్మచారి ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబర్ 20న దాన్ని ముప్పై లక్షలు చేసింది. ఈ తీర్పులు ఎన్నో ఏండ్ల పోరాటంతో వచ్చినయ్, బెజవాడ విల్సన్ లాంటి వాళ్లు, ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటి వాళ్లు నడిపిన పోరాటం, వాటి విలువ తగ్గించను. 2016 ఆగస్టులో మాదాపూర్ అయ్యప్ప సొసైటీ మ్యాన్‌హోల్‌లో నలుగురు చనిపోయినప్పుడు ఆ తీర్పును చేతిలో పట్టుకునే మనం ఆఫీసుల ముందు కూర్చున్నం. కానీ బతికి ఉన్న మనిషికి ఒక బాత్రూం కావాలంటే పట్టుకోను ఏ తీర్పూ లేదు, 2016 నిబంధనల్లో బ్రాకెట్లో ఒక ‘వీలైతే’ ఉండేది.

అందుకే తమ్ముడూ, నీ ప్రశ్నకు నేను చెప్పేది ఇది. ముందు డ్రాయింగ్ అడుగు. యార్డు కావాలా వద్దా తర్వాత. అందులో నీ బస్తీ మనిషి ఎక్కడ నిలబడిందో వెతుకు, హాజరు వేసే గేటు నుంచి కొలుచుకుంటూ పో. ఎక్కడా కనపడకపోతే ఆ కాగితం వెనక్కి పంపించు. కనపడితే కొలతలు సరిగ్గా ఉన్నాయా చూడు. ఈ పని మీటింగులో అరిచినంత సుఖంగా ఉండదు, ఫొటోలు కూడా రావు.

పక్క బస్తీలో ఇంకో నోటీసు పడింది, ఈసారి సిల్టు యార్డు. డ్రాయింగ్ కాపీ దొరికింది కానీ స్కేలు, లెవెల్స్ మాకు అర్థం కావడం లేదు. సివిల్ ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్ చదివే మన పిల్లలు ఎవరైనా ఉంటే వచ్చే ఆదివారం పొద్దున రండి, టేపు తెచ్చుకోండి. పదకొండింటికి కాదు, ఆడోళ్లు డ్యూటీకి పోకముందు, నాలుగింటికి. చాయ్ మాది.

వచ్చే భాగంలో జవహర్‌నగర్ పోదాం, మల్కారం చెరువు నీళ్లు ఎందుకు నల్లగా మారినయో అక్కడి వాళ్ల నోటనే విందాం.

జై భీమ్.